మరక వెంట నడిచిన కుట్టు

పోయిన బుధవారం పొద్దున్నే తిరువూరు నుంచి నాన్న ఫోన్ చేశారు. "అమ్మా, మీ అత్త వెళ్ళిపోయింది" అన్నారు. ఆమె నాన్నకు అక్క. నాకు మేనత్త, సూది పట్టడం నేర్పిన గురువు. మా వీధి ఆడవాళ్ళకు జాకెట్లు కుట్టే మనిషి. నిద్రలోనే పోయిందట. ముందురోజు సాయంత్రం దాకా ఎవరిదో జాకెట్టుకు హుక్కులు కుడుతూనే ఉందట. విజయవాడ నుంచి బస్సులో వెళ్తూ దారంతా ఏడ్చాను. తీరా ఈ నాలుగు మాటలు రాద్దామని కూర్చుంటే మాత్రం ఏడుపు రావడం లేదు. ఆమె గురించి చెప్పాలంటే గెలిచిన సంగతే చెప్పాలి మరి.

మా అత్తకు నోరెక్కువ, ఓపిక తక్కువ. చర్చిలో ఎప్పుడూ వెనక వరసలోనే కూర్చునేది. భక్తి తక్కువై కాదు, అక్కడి నుంచైతే అందరి జాకెట్ల వీపులూ కనిపిస్తాయి. ప్రార్థనకు అందరూ కళ్ళు మూసుకోగానే ఈవిడ తెరిచేది. బయటికొచ్చాక ఎవరో ఒకరిని పట్టుకుని, "ఏమ్మా, భుజం కుట్టు అట్లా ఎత్తుగా ఉందేంటి? ఎవరు కుట్టారు?" అని నిలదీసేది. అది తను కుట్టిందేనని తేలితే మాత్రం గొంతు తగ్గించి, "రేపొకసారి ఇంటికి తీసుకురా" అనేది.

నాకు ఇంటర్ అయ్యాక విజయవాడలో ఒక కాలేజీలో ఫ్యాషన్ డిజైనింగ్ చదవాలనిపించింది. పత్తి మిల్లులో పనిచేసే నాన్నకు అదేం చదువో అంతుబట్టలేదు. "బట్టలు కుట్టడానికి విజయవాడ దాకా ఎందుకమ్మా, మీ అత్త లేదా?" అన్నారు. ఆ అత్తే వచ్చి ఆయనతో పోట్లాడింది. చివరికి ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. ఇంటర్వ్యూలో సీటొస్తే పంపిస్తారు. రాకపోతే ఆ ఊసు మళ్ళీ ఎత్తకుండా ఊళ్ళోనే డిగ్రీలో చేరాలి.

ఇంటర్వ్యూకు మన చేత్తో కుట్టిన డ్రెస్సు ఒకటి పట్టుకెళ్ళాలి. మామిడిపండు పసుపు ఒకటి, వంకాయరంగు ఒకటి, మధ్యకు కొంచెం తెలుపు తెచ్చుకున్నాను. అడ్డంగా మూడు రంగుల పట్టీలు, అన్నీ తిన్నని కుట్లే. తప్పు పోయే పని కాదు.

కొత్త గుడ్డను తడిపి ఆరేయందే కత్తెర పెట్టకూడదు. ముదురు రంగును లేతరంగు పక్కకు రానివ్వకూడదు. మా వీధి ఆడపిల్లలందరికీ ఈ పాఠం చెప్పింది అత్తే. శనివారం మధ్యాహ్నం చర్చిలో స్త్రీల ప్రార్థన కూటానికి ఆలస్యమవుతోందని, పసుపు గుడ్డనూ వంకాయరంగు గుడ్డనూ తడిపి, పిండి, రెండింటినీ కలిపి చుట్టచుట్టి బకెట్లో పడేసి వెళ్ళింది కూడా అత్తే. వచ్చాక ఆరేద్దామనుకుంది. ఆ రోజు కూటంలో దేవుడు చేసిన మేళ్ళ గురించి సాక్ష్యాలు చెప్పేవాళ్ళు ఎక్కువయ్యారు. వచ్చి విప్పి చూస్తే పసుపు గుడ్డ మీద, భుజం మూల నుంచి నడుం దాకా, కొరికిన దోసె అంచులా వంకర తిరిగిన వంకాయరంగు మరక. ఆ పసుపు థానులో నాది చివరి ముక్క. సోమవారమే ఇంటర్వ్యూ.

నేను కూలబడి ఏడ్చాను. అత్త టపటపా లెంపలేసుకుంది. "ఊరందరికీ చెప్పేదాన్ని, నాకేం పోయేకాలమే!" అని తనను తానే తిట్టుకుంది. తర్వాత గుడ్డను ఆరబెట్టి, నేలమీద పరిచి, దాని చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. అటు నుంచి చూసింది, ఇటు నుంచి చూసింది.

"కోడలా, ఏడుపాపి సుద్ద ఇటివ్వు" అంది. "మరక ఎటు పోతే మనమూ అటే పోదాం."

మరక అంచు వెంటే గీత గీసింది. మరక పడినంత మేరా కోసేసి, ఆ చోట వంకాయరంగు ముక్క పెడతామని, రెంటికీ నడుమ నెలవంకలా తెలుపు వస్తుందని వేలితో గాలిలో గీసి చూపించింది. నా కళ్ళకు అది ఒక్కసారిగా కనిపించింది. నేను అనుకున్న మూడు పట్టీలకంటే ఎంతో అందంగా ఉంది. భయమూ వేసింది. అంత వంపు నేనెప్పుడూ కుట్టలేదు.

తిన్నని కుట్టు ఎవరైనా వేస్తారు. వంపు సంగతి వేరు. ఒక ముక్క అంచు బయటికి ఉబ్బి ఉంటుంది, దాన్ని పట్టుకోవాల్సిన రెండో ముక్క అంచు లోపలికి తగ్గి ఉంటుంది. రెండూ ఎదురెదురుగా పెడితే పోట్లాడుకున్న తోడికోడళ్ళలా చెరోవైపు తిరిగి కూర్చుంటాయి. లోపలికి తగ్గినదానికి అంచున చిన్నచిన్న గాట్లు పెట్టి, అది పైనుండేలా పెట్టుకుని, నడిమధ్యన ముందు గుండుసూది గుచ్చి, కొసలకు తర్వాత గుచ్చి, మెల్లగా తిప్పుకుంటూ కుట్టాలి.

ఆదివారం ఆరాధన కాగానే మిషను దగ్గర కూర్చున్నాను. "నువ్వు కుట్టి పెట్టత్తా, నీ కాళ్ళకు మొక్కుతా" అని బతిమాలాను. "రేపు అక్కడ నిన్ను కూర్చోబెట్టి కుట్టమంటారు. నా చేతులు కోసి నీ వెంట పంపనా?" అని కసిరింది. కసిరిందే గానీ చూస్తూ ఊరుకోవడం ఆమె వల్ల కాలేదు. గుడ్డ లాక్కుంటానేమోనని రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటిమీద కూర్చుంది. ఆ కూర్చోవడం తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, ఆమె మీద ప్రేమా పొంగుతుంది.

మొదటిసారి వంపు నిండా ముడతలే. "విప్పు" అంది. విప్పాను. రెండోసారీ అంతే. "విప్పడానికి సిగ్గుపడకే. విప్పడం రానివాళ్ళకు కుట్టడం రాదు. వంపు దగ్గర గుడ్డను లాగొద్దు, అదే వస్తుంది, రానియ్యి." ఈసారి లాగలేదు. నా చేతికింద గుడ్డ తనంతట తనే తిరిగింది. తువ్వాలు చుట్టచుట్టి, కుట్టును దానిమీద పెట్టి ఇస్త్రీ చేస్తే, నీళ్ళమీద గీత గీసినట్టు పడుకుంది. అత్త అప్పుడు చేతులు బయటికి తీసింది. తిమ్మిరెక్కి చాలాసేపు వేళ్ళు వంగలేదు.

సోమవారం అత్తే నన్ను విజయవాడ తీసుకెళ్ళింది. ఇంటర్వ్యూలో పెద్ద మేడం ఆ డ్రెస్సును బల్లమీద పరిచి, "ఈ డిజైను ఎక్కడ చూశావమ్మా?" అని అడిగారు. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "మా అత్త తడిపినప్పుడు మరక పడిందండి. దాని వెంటే కోశాం" అన్నాను. ఆవిడ పగలబడి నవ్వి, పక్క గదిలోని వాళ్ళను కూడా పిలిచి చూపించారు. తర్వాత వంపు కోసిన రెండు ముక్కలు చేతికిచ్చి, "ఏదీ, కలుపు" అన్నారు. కలిపాను. లాగకుండా.

అక్కడికక్కడే సీటిచ్చేశారు, నాన్న అన్నమాట తప్పలేదు. ఈ రోజు నా చేతికింద కొంతమంది అమ్మాయిలు పనిచేస్తున్నారు, వంపు కుట్లంటే మా దగ్గరికే వస్తున్నారంటే అదంతా ఆమె పెట్టిన భిక్షే. అయినా సీటొచ్చిన రోజు అనగానే నాకు గుర్తొచ్చేది కాలేజీ కాదు, తిరుగు బస్సు.

బస్సు మైలవరం దాటింది. కండక్టరు మా సీటు దగ్గరికి రాగానే, "మా పిల్లకి పెద్ద కాలేజీలో సీటిచ్చారండి!" అని చెప్పింది అత్త. ఆయన అడిగాడా పెట్టాడా! నేను వద్దంటున్నా కవరులోంచి డ్రెస్సు తీసి ఆయన చేతిలో పెట్టింది. ముందు సీటులో మామిడికాయల బుట్టతో ఉన్నావిడ చేతులు కొంగుకు తుడుచుకుని మరీ అందుకుంది. "ఎంత చక్కగా కుట్టావమ్మా!" అని అత్తనే మెచ్చుకుంది.

"కుట్టింది ఇది" అంది అత్త నా వీపు మీద చరిచి. "మరక చేసింది నేను!"

బస్సంతా నవ్వింది. పసుపు, తెలుపు, వంకాయరంగు, చేతులు మారుతూ వెనక్కి వెనక్కి వెళ్ళిపోయాయి. మా అత్త సీట్లోంచి లేచి, ఒక చేత్తో పై రాడ్డు పట్టుకుని, గతుకులకు ఊగుతూ, చివరి సీటువాళ్ళకు వినబడేలా కేకేసింది: "వంపు మీద వేలు పెట్టి చూడండమ్మా, ఒక్క ముడత దొరికితే నన్నడగండి!"