రొయ్యల పొట్టు పొడి, నా సంతకం

మొన్న రియాద్‌లో, మేముండే మలాజ్ పేటలో మందుల షాపుకు వెళితే, గాయాలకు కట్టే కొత్తరకం గుడ్డ డబ్బా మీద రొయ్యల పొట్టు నుంచి తీసినదని రాసి ఉంది. డబ్బా తిప్పి, పరీక్షించిన ల్యాబ్ పేరు కోసం వెతికాను.

నన్ను కడప నుంచి ఈ దేశానికి రప్పించింది మా అక్క మొగుడు. ఆయన పెద్దగా ఉన్న ల్యాబ్‌లోనే నాకు పని. ఎండిన రొయ్యల పొట్టును ఆమ్లంలోనూ క్షారంలోనూ ఉడికించి, కడిగి తీసిన తెల్లని పొడి మాకు పరీక్షకు వచ్చేది. కుందేళ్ల వీపు మీద బొచ్చు గొరిగి, తడిపిన పొడి అద్ది, మూడు రోజులు చర్మం చూసి రాసేవాణ్ణి. కంటికి కనబడిందే రాయాలని, కనబడనిది దేవుడు చెప్పినా రాయకూడదని నేర్పింది కూడా బావే కాబట్టి, ఆయన మాటంటే నాకు వేదం.

ఒకసారి వచ్చిన సరుకులో క్షారం సరిగా కడగలేదు. కుందేళ్ల చర్మం ఎర్రగా కంది పొక్కింది. ఉన్నదున్నట్టు నోటుబుక్కులో రాశాను. మర్నాడే ఊరికి బయలుదేరుతుంటే బావ పిలిచాడు.

"సెలవుకు పోతాండావు కదరా, రిపోర్టు ఆఖరి పేజీలో సంతకం పెట్టి పో. తక్కింది నేను చూసుకుంటా."

పై పేజీలు తిప్పి చూడాలని కూడా నాకు తోచలేదు.

తిరిగి వచ్చాక ఖర్జూరాల నమూనాల కోసం ఉనైజా వెళ్లాను. అక్కడ పండ్లు పాడవకుండా పూయడానికి ఆ పొడిని నీళ్లలో కలిపే జగిత్యాల మనిషి అరచేతులు తోలు ఊడి, పచ్చి పుండ్లుగా ఉన్నాయి. నేను ఎక్కడినుంచి వచ్చానో తెలిసి, కోపం లేకుండానే అన్నాడు.

"మీ ల్యాబ్ కాయితం చూసినంకనే గ్లౌజులు అక్కర్లేదన్నరు సార్."

ఆ కాగితం తెప్పించి చూశాను. చర్మానికి ఏ హానీ లేదని ఉంది. కింద నా సంతకం.

రియాద్ చేరగానే బావను నిలదీశాను. ఆయన తల కూడా ఎత్తలేదు.

"సంతకం నీదే కదరా. నాది యాడుంది?"

నోటుబుక్కు తీసుకెళ్లి పొడి తయారుచేసేవాళ్ల ముందు పెట్టాను. సరుకు వెనక్కి తీసుకున్నారు. నాకు వీసా ఇచ్చిన కఫీల్, ల్యాబ్ పరువు తీశానని, నన్ను ఎగ్జిట్ మీద ఇండియాకు పంపేశాడు. వేరే వీసా దొరికి మళ్లీ రావడానికి రెండేళ్లు పట్టింది. బావ ఉద్యోగం కూడా పోయింది. ఇంటి దీపం ఆర్పావని అక్క నాతో మాట మానేసింది, నేటికీ మాట్లాడదు.

ఇప్పుడు చాలా పరీక్షలకు కుందేళ్లు అక్కర్లేదట, గాజు గిన్నెలో పెంచిన చర్మం చాలునట. అంకెలు యంత్రం నుంచి నేరుగా కంప్యూటర్‌లోకి వెళ్తాయట. ఈ కాలం పిల్లలు ప్రతి పేజీ చదివిగాని సంతకం పెట్టరు. మంచిదే. అయినా, మనవాడు చెప్పాడు గదా అని కళ్లు మూసుకుని కలం అందుకున్న ఆ రోజుల్లో మనసుకు ఎంత నిశ్చింతగా ఉండేదో, అది మాత్రం నాకు మళ్లీ దొరకలేదు.