ఓబులేష్ చెప్పిన టాక్

సినిమాల్లో మనుషులు ఎత్తు నుంచి పడే తీరు ఓబులేష్‌కు నచ్చదు. హీరో మేడ మీద నుంచి కారు మీదికి దూకుతాడు, కారు అప్పడంలా నలుగుతుంది, హీరో చొక్కా దులుపుకుని లేస్తాడు. నిజంగా పడినవాడికి ముందు నొప్పి తెలియదనీ, చెవుల్లో హోరు తప్ప ఇంకేమీ ఉండదనీ, తన కాళ్లు ఎక్కడున్నాయో తానే వెతుక్కోవాల్సి వస్తుందనీ అతను చెబుతాడు.

అతను పడింది కూడా తన హీరో కోసమే. బత్తలపల్లె పక్కన ఒక పల్లెలో అతని ఇల్లు. చీనీ తోటలకు, అంటే బత్తాయి తోటలకు, డ్రిప్పు పైపులు వేసే పని చేసేవాడు. హీరో సినిమా వస్తోందంటే తోట ఎవరిదైనా సరే, పని ఆగేది. ముందురోజే ధర్మవరం పోయి థియేటర్ ముందు కటౌట్ కట్టించేవాడు. మొదటి ఆట చూసి బయటికి రాగానే అందరూ అతని చుట్టూ మూగేవాళ్లు. ఓబులేష్ బాగుందంటే రెండో ఆటకు కూడా టికెట్లు తెచ్చుకునేవాళ్లు. బాగాలేదంటే అభిమానులే అయినా ముఖం వేలాడేసుకుని బస్టాండుకు నడిచేవాళ్లు. అతని టాక్‌కు అంత విలువ ఉండేది.

నాలుగేళ్ల కిందట కటౌట్ మెడలో దండ వేయడానికి పైకెక్కినప్పుడు కాలి కింద కట్టిన కొయ్య జారింది. నడుము కింద నుంచి కదలిక పోయింది. ఆ సినిమాను అతను ఆసుపత్రిలో, పక్క మంచం మనిషి ఫోన్‌లో చూశాడు. ఏమంత బాగాలేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

అప్పటి నుంచి అతని లోకం ఆ రేకుల ఇంట్లో కిటికీ పక్క మంచమే. కిటికీలోంచి ఒక రాళ్ల గుట్ట, వానకు ఎదురుచూసే శనక్కాయ చేను కనిపిస్తాయి. భార్య ఈశ్వరి పొద్దున్నే అతన్ని కడిగి, పక్కకు తిప్పి పడుకోబెట్టి, రిమోటు చేతికి అందేలా పెట్టి, చీనీకాయలు కోయడానికి కూలికి పోతుంది. మధ్యలో ఒకసారి పరుగున వచ్చి రెండో పక్కకు తిప్పిపోతుంది. తిప్పకపోతే వీపున పుండ్లు పడతాయి. ఆమె వచ్చేదాకా అతను ఏ వైపు ఉంటే ఆ వైపే. గోడ వైపు ఉన్న పూట టీవీని వినడమే.

ఒకప్పుడు సీరియల్ పేరెత్తితేనే లేచిపోయేవాడు. ఇప్పుడు లేచిపోవడానికి లేదు కాబట్టి ఈశ్వరితో పాటు అవన్నీ చూడాల్సి వచ్చింది. చూసినవాడు ఊరుకుంటాడా? తాలింపు పెట్టే ఆడమనిషికి పట్టుచీర కట్టిస్తారనీ, ధర్మవరం మగ్గాలు ఇంకా ఆడుతున్నాయంటే ఈ అత్తాకోడళ్ల పుణ్యమేననీ అనేవాడు. ఒక్క మాటకు ఏడుగురి ముఖాలూ చూపిస్తే కథ ఎప్పుడు నడుస్తుందని విసుక్కునేవాడు. ఈశ్వరి నవ్వేది.

సాయంత్రం వచ్చే ఒక సీరియల్ దగ్గర మాత్రం ఆమె నవ్వేది కాదు. అందులో ఇంటి పెద్దకోడలు చక్రాల కుర్చీలో ఉంటుంది. సీరియల్లో చక్రాల కుర్చీ ఎక్కినవాళ్లు ఏదో ఒక పండగ ఎపిసోడ్లో లేవడానికే ఎక్కుతారని ఓబులేష్ అన్నాడు. తనకున్నట్టు ఆమెకు ఒంటేలు పట్టే సంచి ఉండదు, పుండ్లు పడవు, ఆమెను ఎత్తి ఎత్తి నడుం పడిపోయిన మనిషి ఆ ఇంట్లో ఎవరూ ఉండరు అన్నాడు. ఈశ్వరి మాత్రం ఆ సీరియల్ ఒక్కరోజు కూడా తప్పనివ్వలేదు.

శుక్రవారాలు శశికుమార్ వచ్చేవాడు. బత్తలపల్లెలో సెల్‌ఫోన్ల కొట్టు నడుపుతాడు. ఓబులేష్ పడ్డాక మండలంలో అభిమాన సంఘానికి అతనే పెద్ద. చక్రాల కుర్చీ కొనిచ్చింది ఆ సంఘమే. కుర్చీ వీపున హీరో బొమ్మ అంటించి, దండ వేసి, ఊరేగింపుగా తెచ్చిచ్చారు. మొదట్లో శుక్రవారం వస్తే ఇల్లు పట్టనంత మంది వచ్చేవాళ్లు. తర్వాత తర్వాత శశికుమార్ ఒక్కడే మిగిలాడు. బజ్జీలు తెచ్చేవాడు, కొత్తగా వచ్చిన టీజర్లు చూపించేవాడు, నీ మాట చెప్పన్నా అనేవాడు. వారం మొత్తంలో ఓబులేష్‌ను అభిప్రాయం అడిగే మనిషి అతనొక్కడే.

ఒకరోజు శశికుమార్ ఆ మాటల్ని ఫోన్‌లో తీసి నెట్‌లో పెట్టాడు. హీరో కోసం పడి మంచాన ఉండి కూడా హీరో గురించే మాట్లాడే అన్న అంటూ చాలామంది మెచ్చుకున్నారు. దాంతో ప్రతి శుక్రవారం ఒక వీడియో తీయడం మొదలైంది. వీడియోకు ముందు ఓబులేష్ ఒక మాట చెప్పేవాడు, వీడియోలో ఇంకో మాట చెప్పేవాడు.

హీరో కొత్త సినిమా టీజర్ వచ్చినప్పుడూ అంతే జరిగింది. శశికుమార్ ఫోన్ ఇంకా జేబులోనే ఉండగా అతను ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

"పొగ ఎక్కువైందప్పా, మాట తక్కువైంది. మన సీమ అంటే వాళ్లకి ఇంకా కత్తులే. ఈడ మనం బోరు నీళ్లకి తప్ప దేనికి కొట్టుకుంటాండాం? సగం కథ చెప్పి తతిమ్మాది రెండో భాగంలో చూడమంటారు, చూడు. మనోడు యాక్టింగ్ చేసి ఎన్నాళ్లయిందో."

శశికుమార్ నవ్వి, ఇది మనలో మాటగా ఉండనీ అన్నాడు. ఫోన్ బయటికి తీసి మళ్లీ అడిగాడు. ఓబులేష్ కుర్చీ వీపున ఉన్న బొమ్మ వైపు చూసి, మా అన్న మళ్లీ వస్తాండాడు, రికార్డులు పోతాయి అన్నాడు.

విడుదల రోజు అతన్ని థియేటర్‌కు తీసుకుపోతామని సంఘం వాళ్లు పట్టుబట్టారు. అతనికీ ఆశ పుట్టింది. నాలుగేళ్లుగా హాలు వాసన తగల్లేదు. కుర్చీతో సహా ట్రాలీ ఆటో ఎక్కించారు. థియేటర్ మెట్లు నలుగురు కలిసి మోసి ఎక్కించారు. లోపల కుర్చీ పట్టే చోటు తెర కింద, మొదటి వరస ముందర తప్ప ఎక్కడా లేదు. అక్కడ నిలబెట్టి చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టారు. మెడ వెనక్కి విరిచి చూస్తే తెర మీద గడ్డాలూ ముక్కురంధ్రాలూ కనిపించాయి. విరామంలో సంచి నిండుతోందని శశికుమార్‌కు చెప్పాడు. ఈలల మధ్య ఆ మాట వినపడలేదు.

రెండో సగంలో విలన్లు హీరో నడుము విరగ్గొట్టారు. హీరో చక్రాల కుర్చీ ఎక్కాడు.  ఏం జరగబోతోందో ఓబులేష్‌కు తెలుసు. హీరో తల్లిని విలన్ చెంప మీద కొట్టగానే హీరో కాలి బొటనవేలు కదిలింది, డప్పులు మోగాయి, హీరో లేచి నిలబడ్డాడు.

హాలంతా లేచింది. తర్వాత తెరను వదిలి అతని వైపు తిరిగింది. కాగితం ముక్కలు నెత్తిన పోశారు. నువ్వూ లేస్తావన్నా అని అరిచారు. కుర్చీని ఇటుకల మధ్య నుంచి ఎత్తి భుజాల మీద పెట్టుకుని ఊపారు. దించమని అతను రెండు మూడుసార్లు చెప్పాడు. నవ్వుతున్న ముఖాల్లో ఒక్కటీ అతని మాట వినలేదు. రెండు చేతులతో కుర్చీని పట్టుకుని వాళ్లు దించేదాకా పైనే ఉన్నాడు.

బయట శశికుమార్ ఫోన్ పట్టుకుని టాక్ చెప్పమన్నాడు. ఓబులేష్ ప్యాంటు తడిసి ఉంది. దాని మీద ఎవరిదో తువ్వాలు కప్పారు.

"సూపర్‌గా ఉండాది. మా అన్న లేచినాడు, చాలు," అన్నాడు.

ఇల్లు చేరేసరికి ఆ వీడియో ఈశ్వరి చూసేసింది. ఆమె అతని బట్టలు మార్చింది, సంచి మార్చింది, పక్క సర్దింది. తర్వాత మంచం పట్టె మీద కూర్చుంది.

"ఆ సినిమాలో లేచినాడంట గదా. ఎట్ల లేచినాడు?" అని అడిగింది.

"వాళ్లమ్మని కొట్టినారు. లేచినాడు."

ఆమె అతని కాళ్ల వైపు చూసింది. ఆ చూపు అతను సీరియల్ జరిగేటప్పుడు చాలాసార్లు చూశాడు. చూడనట్టు ఉండిపోయాడు. ఆ రోజు ఉండలేకపోయాడు.

"మే ఈశ్వరీ, రేపు నా ముందర నిన్నెవరన్నా కొట్టినా నేను లేయలేను. నరం తెగిపోయింది. డాక్టరు ఆ రోజే చెప్పినాడు, నువ్వూ విన్యావు."

 ఇద్దరం కదిరి గుడికి నడిచొస్తామని స్వామికి మొక్కుకున్నానని, ఆ సీరియలామె లేచిన రోజు నువ్వూ కదులుతావని మనసులో పెట్టుకున్నానని ఈశ్వరి మెల్లగా చెప్పింది. ఎవరికైనా చెబితే నవ్వుతారని చెప్పలేదంది. చీర కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"లేయలేనని తెలిసినోడివి, అంత బాగుందని ఏంటికి చెప్పినావు మరి?"

"బాగలేదంటే వచ్చే శుక్కురారం ఎవరొస్తారు మే?"

ఆమె లేచి పొయ్యి దగ్గరికి పోయింది.

మర్నాడు పనికి బయలుదేరుతున్న ఈశ్వరిని ఆపి, వీడియో తీయడానికి ఫోన్ పట్టుకోమన్నాడు. ఎక్కువ మాట్లాడలేదు. నిన్న తాను చెప్పింది అబద్ధమని, సినిమా బాగాలేదని, నడుము విరిగినవాడు ఏడుపుకు, కోపానికి లేవడని, అట్లా చూపిస్తే ఇళ్లలో ఆడవాళ్లు ఆశపడి మోసపోతారని చెప్పాడు. హీరో అంటే తనకు ఇప్పటికీ ప్రాణమేనని కూడా అన్నాడు. ఆ చివరి మాట ఎవరూ పట్టించుకోలేదు.

ఆ వీడియో నెట్‌లో పెట్టాక సాయంత్రానికల్లా తిట్లు మొదలయ్యాయి. వేరే హీరో మనుషులు దుడ్లు ఇచ్చి చెప్పించారన్నారు. సంఘం కుర్చీలో కూర్చుని సంఘాన్నే తిడతాడా అన్నారు. కుర్చీ వెనక్కి తెప్పించాలని కూడా ఒకడు రాశాడు. వేరే పని లేనివాడు కాబట్టి ఓబులేష్ వాటన్నిటినీ చదివాడు. చదివినవే మళ్లీ చదివాడు. కుర్చీ కోసం ఎవరూ రాలేదు. ఆ శుక్రవారం శశికుమార్ కూడా రాలేదు. ఆ తర్వాతి శుక్రవారాలూ రాలేదు. వీధిలో బండి చప్పుడైనప్పుడల్లా ఓబులేష్ తల తలుపు వైపు తిరిగేది.

ఎండాకాలం ముదిరాక ఒక మధ్యాహ్నం శశికుమార్ వచ్చి గడపలో నిలబడ్డాడు. చేతిలో బజ్జీల పొట్లం లేదు, ఫోన్ జేబులో ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు. ఆ సినిమా ఓటీటీలోకి వచ్చిందని, ఇంట్లో ఒక్కడే కూర్చుని చూశానని చెప్పాడు.

"అరుపులు లేకుండా చూస్తే ఏమీ లేదన్నా అందులో," అన్నాడు.

మొదటి సగం ఫర్వాలేదు, పాటలు తీసేస్తే ఇంకా నయమని ఓబులేష్ అన్నాడు. శశికుమార్ తలాడించి, కొట్టు మూయకుండా వచ్చానని వెళ్లిపోయాడు. థియేటర్ సంగతి అతనూ ఎత్తలేదు, ఓబులేషూ ఎత్తలేదు. ఆ తర్వాత ఎప్పుడో ఒకసారి వస్తున్నాడు. శుక్రవారమే రావాలన్న నియమం లేదు.

వచ్చే నెల రెండు పెద్ద సినిమాలున్నాయి. వాటిలో ఒకటి వారం కూడా ఆడదనీ, వాటితో పాటే వస్తున్న, పేరు లేని కుర్రాడు చేసిన చిన్న సినిమా నిలబడుతుందనీ ఓబులేష్‌కు నమ్మకం. ట్రైలర్లో ఆ కుర్రాడు ఒకచోట ఊరికే కూర్చుని ఏడుపు ఆపుకుంటాడట, అది చాలంటాడు. ఈ మాటలు పొద్దుటి నుంచి నోట్లోనే ఉంటాయి. మధ్యాహ్నం కరెంటు పోతుంది, ఫ్యాను ఆగుతుంది, రేకులు కాగుతాయి, అతను గోడ వైపు తిరిగి చెమటలో పడి ఉంటాడు. ఈశ్వరి తోట నుంచి వచ్చాక చేతులు కడుక్కుని అతని భుజం కింద చేయి పెడుతుంది. అతను సినిమా సంగతి మొదలుపెడతాడు.

"చెప్పుదువులే, ముందు ఇట్ల తిరుగు," అంటుంది.