తప్తపాణి దారిలో, దిగపహండి నారుమడి దగ్గర

నాకు మోకాళ్ళ నొప్పులు. ఈ జనవరిలో విశాఖలోనే పొద్దున లేచి కాళ్ళు కింద పెట్టలేనంత చలి పడింది. నాతోపాటు బడిలో పాఠాలు చెప్పి రిటైరైన స్నేహితురాలు ఒడిశాలోని తప్తపాణి వేడినీటి బుగ్గకు వెళ్ళి వచ్చి, మా ఇంటి మెట్లు గబగబా ఎక్కి చూపించింది. ఆ సాయంత్రమే బరంపురానికి టికెట్ కొన్నాను. రైల్లో నాలుగున్నర గంటల ప్రయాణం. అక్కడ అంకులి పేటలో బంధువుల ఇంట్లో దిగాను. బరంపురం నుంచి దిగపహండికి బస్సులు తరచుగానే ఉన్నాయి, ఛార్జీ యాభై రూపాయల లోపే. అక్కడ దిగి తప్తపాణికి మళ్ళీ బండి వెతుక్కునే ఓపిక లేక, వీధి చివర ఉండే ఆటో డ్రైవరు అప్పన్నతో రానూపోనూ పదిహేను వందలకు మాట్లాడుకున్నాను.

మర్నాడు ఆరింటికి బయల్దేరాం. లైటు వేసినా పది గజాల అవతల ఏమీ కనబడలేదు. "ఈ మంచుని ఇక్కడ కుహుడి అంటారమ్మగారూ. ఇంత కుహుడి నేనెప్పుడూ సూడలేదు" అన్నాడు అప్పన్న, మఫ్లరు బిగించుకుంటూ. గంటలో దిగపహండి చేరాల్సింది, గంటన్నరైనా దారిలోనే ఉన్నాం. దిగపహండి ఇంకా మూడు కిలోమీటర్లు ఉందనగా అతని ఫోను మోగింది. మాట్లాడి, బండి పక్కకు తీశాడు.

"ఏటంటే అమ్మగారూ, మా సెల్లి పైడమ్మ. దానూరు ఇక్కడే. సలికి దాళ్వా నారు ఎర్రబడిపోతందంట. దాని మావగారికి జొరం, మడికాడ ఒక్కర్తే ఉంది. ఓ అరగంట ఆగుతారేటి?"

వద్దనే మాట నోటిదాకా వచ్చింది. మోకాళ్ళు అప్పటికే బిగుసుకుపోయాయి. కానీ అతని ముఖం చూశాక సరేనన్నాను.

రోడ్డు మీంచి గట్టు వెంట రెండు నిమిషాల నడక. పైడమ్మకు ముప్ఫై ఏళ్ళుంటాయి. చీర మీద మగవాళ్ళ స్వెటరు వేసుకుంది. అది సూరత్ మిల్లులో పనిచేసే ఆమె భర్తది. మడిలో నారు జానెడైనా లేదు. ఆకులు పసుపు తిరిగి, కొసలు మాడిపోయి ఉన్నాయి. "మొదట సల్లిన ఇత్తనాలు సలికి మొలకే రాలేదండి. ఇది రెండోపాలి. ఇదీ పోతే మరి అదును లేదు" అంది.

ఎండ రాకముందే ఆకుల మీది మంచు దులపాలట. చెరో గట్టు మీద ఇద్దరు నడుస్తూ, నారు మీదుగా తాడు లాగాలి. రోజూ రెండో కొస మామగారు పట్టుకునేవారు. అప్పన్న గట్టుకు గండి పెట్టి, రాత్రి నిలిచిన చల్లనీళ్ళు బయటకు తీస్తున్నాడు. తాడు కొస నా కాళ్ళ దగ్గరే పడి ఉంది. వంగి తీసుకున్నాను.

"అయ్యో, మీకెందుకమ్మా!" అని పైడమ్మ కంగారుపడింది.

"నడవడమే కదా" అన్నాను.

నిజానికి నడవడమే కష్టమైంది. "మరీ దించకండమ్మా, నారు ఇరిగిపోద్ది. పైపైన... అలాగ, అలాగ" అని ఆమె అవతలి గట్టు మీంచి చెబుతూనే ఉంది. తాడు తగిలిన చోటల్లా నారు వంగి, నీళ్ళు విదిల్చి లేచింది. నాలుగుసార్లు అటూ ఇటూ నడిచాం. ఒకసారి కాలు జారి మోకాలి మీద కూలబడ్డాను గానీ తాడు వదల్లేదు. పని అయ్యేసరికి కాలివేళ్ళకు స్పర్శ లేదు.

మడికి నీళ్ళు పెట్టడానికి అప్పన్న బోరు మోటారు వేశాడు. పైడమ్మ నన్ను పట్టుకుని తొట్టి గట్టు మీద కూర్చోబెట్టింది. "కాళ్ళెట్టండి. సలికాలం బోరు నీరు ఎచ్చగుంటాది." ఆ నీళ్ళ మీద సన్నగా ఆవిరి లేస్తోంది. వెచ్చదనం పిక్కల దాకా ఎక్కుతుంటే నా కళ్ళు చెమ్మగిల్లాయి. మరమరాల్లో ఉల్లిపాయ కలిపి పెట్టి, టీ ఇచ్చింది.

తప్తపాణి చేరేసరికి పదిన్నర. కొండవాలులో బుగ్గ, కింద స్నానాల కొలను. హాయిగా ఉంది. సాయంత్రం దాకా ఉండాలనుకున్నదాన్ని, రెండింటికే "పద అప్పన్నా, చీకటి పడకముందే నారు మీద పట్టా కప్పాలన్నది కదా మీ చెల్లి" అన్నాను. అతను నవ్వి బండి తీశాడు. ముగ్గురం కలిసి వెదురు బద్దల మీద ప్లాస్టిక్ పట్టా పరిచి, అంచులకు మట్టి పెట్టాం.

పన్నెండు రోజుల తర్వాత పైడమ్మ ఫోన్ చేసింది. "ఓ మూల పోనాది గానీ అమ్మా, మిగతాది తేరుకుంది. నిన్ననే నాటీసినాం." ముప్ఫై ఏళ్ళు పిల్లలకు పంటల గురించి పాఠాలు చెప్పాను. చలికి వరి నారు ఇలా నలిగిపోతుందని, దానికోసం ఒక మనిషి ఎండ రాకముందే మంచులో నిలబడుతుందని నాకు తెలియదు. పని రాని నా చేతికి ఆమె తన నారును నమ్మి వదిలింది. అందుకు ఆమెకు ఎప్పటికీ కృతజ్ఞురాలిని.

వెళ్ళాలనుకునేవారికి ఒక్క సలహా: చలికాలంలో మంచు పలచబడ్డాక, ఏడు దాటాకే బయల్దేరండి. ఆటో మాట్లాడుకునేటప్పుడు దారిలో ఓ గంట ఆగడానికి కూడా కలిపి మాట్లాడుకోండి.