చింపి చూసి కొనే మా బావ

మా బావ చేతికి ఏ వస్తువిచ్చినా విరగాలి, లేదా చిరగాలి. రెండూ జరగకపోతేనే ఆయన దృష్టిలో అది వస్తువు. పెళ్లైన కొత్తలో మా ఇంటికొచ్చి, కూర్చోమని వేసిన కుర్చీని ముందు ఊపి చూశాడు. తరవాత తిరగేసి చూశాడు. కాలు ఊడి చేతికొచ్చింది. "కూర్చున్నాక ఊడితే మీకే మాటొచ్చేది మావయ్యా" అంటూ ఆ కాలు మా నాన్నకి అందించాడు. కొత్త అల్లుణ్ణి ఏమీ అనలేక నాన్న నన్ను తిట్టాడు.

అక్క గొడుగు కొంటే వాన వచ్చేదాకా ఆగేవాడు కాదు. టేబుల్ ఫ్యాను ముందు విప్పి పట్టుకునేవాడు. బ్యాగుల షాపతను బావని దూరం నుంచి చూడగానే జిప్పులున్నవన్నీ లోపల సర్దేసేవాడు.

అలాంటి మనిషిని ఒక పెద్ద కంపెనీ ఏరికోరి కొనుగోళ్ల అధికారిని చేసింది. దొంగ చేతికి తాళాలిచ్చినట్టుందని అక్క అనేది. చక్రాల కుర్చీలు తయారుచేసే కంపెనీ అది. నేనూ అక్కడే స్టోర్‌లో పనిచేసేవాణ్ణి కనుక ఇదంతా కళ్లారా చూశాను.

ఒకసారి పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఇకమీదట సరుకులో కొంతైనా చిన్న సంస్థల దగ్గర, ఆడవాళ్లూ వికలాంగులూ నడిపే సంస్థల దగ్గర కొనాలట. ఆఫీసులో అందరూ తేలిగ్గా తీసుకున్నారు. నాలుగు కొవ్వొత్తులు, నాలుగు పూలకుండీలు కొని ఫొటో దిగితే సరిపోతుందన్నారు. బావ మాత్రం కుర్చీకి వేసే సీట్లే కొందామన్నాడు. ప్రొడక్షన్ మేనేజరు నవ్వి, సీటు చిరిగితే మనిషి కింద పడతాడనీ, దానధర్మాలు అక్కడ కుదరవనీ అన్నాడు.

"దానం చెయ్యమని ఎవరన్నారు? కొనమన్నారు" అన్నాడు బావ.

ఆయన వెతికి పట్టుకున్నది ఒక చిన్న షెడ్డులో స్కూలు సంచులు కుట్టే ఇద్దరు తోడికోడళ్లని. పెద్దావిడ చక్రాల కుర్చీలో కూర్చునే గుడ్డ కత్తిరించేది. చిన్నావిడ కుట్టేది. సంచుల బేరం పడిపోయి, మిషన్లు అమ్మేయాలా వద్దా అని తేల్చుకోలేక ఉన్నారు. అప్పుడే మేం వెళ్లేసరికి దేవుడొచ్చాడనుకున్నారు పాపం.

వాళ్లు కుట్టిచ్చిన మొదటి సీటుని బావ రెండు చేతులా పట్టి లాగాడు. పర్రుమంది. "చిరిగింది" అన్నాడు, వాళ్లకి కనపడనట్టు.

మళ్లీ కుట్టారు. ఈసారి దాన్ని నానబెట్టి, ఎండబెట్టి, కుర్చీకి బిగించి, ఇసుక బస్తా వేసి, ఆపైన నన్నెక్కించాడు. నేనూ బస్తా కలిసి నేలమీదకొచ్చాం. బావ నన్ను లేపలేదు. కుట్టు ఎక్కడ విడిపోయిందో వంగి చూసి, అక్కడ వేలు పెట్టి చిన్నావిడకి చూపించాడు. ఆవిడ ఆయన్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

ఎన్నిసార్లు కుట్టినా ఇదే వరస. ఒకరోజు తిరిగొచ్చేటప్పుడు నాకు మనసాగక, కొనే ఉద్దేశం లేకపోతే ఆ మాటే చెప్పెయ్యమన్నాను. బావ అప్పటికే బస్సు సీటు కవరు పట్టుకుని లాగుతున్నాడు. కండక్టరు మా ఇద్దర్నీ దింపేశాడు.

చివరికి వాళ్లు మూలల్లో గుడ్డ రెట్టించి మడిచి, అడ్డంగా కుట్టేసి, విసురుగా ఆయన ఒళ్లో పడేశారు. బావ లాగాడు, తన్నాడు, ఎక్కి తొక్కాడు. చెక్కుచెదరలేదు. దాన్ని చంకలో పెట్టుకుని నడిచాడు.

ఆఫీసులో కొనుగోళ్ల కమిటీ కూర్చున్న రోజు బావ ఆ సీటుని బిగించిన కుర్చీని బల్ల పక్కన పెట్టి, "చింపండి" అన్నాడు. ప్రొడక్షన్ మేనేజరు కోటు విప్పి లాగాడు. ఆనక ఇద్దరు గార్డుల్ని పిలిపించి చెరో పక్కా లాగించాడు. వాళ్లకి చెమటలు పట్టాయి కానీ ఒక్క దారం కదలలేదు. డైరెక్టరు గారు భారీ మనిషి. ఆయన లేచొచ్చి, అందులో కూలబడి, ఎగిరెగిరి కూర్చుని చూశారు. ఇక లేవలేదు. మిగతా మీటింగంతా అందులోనే నడిపారు. ఆర్డరు తోడికోడళ్లకే వచ్చింది. మొదట వాళ్ల మిషన్లకి తగినంతే ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి కంపెనీ సీట్లన్నీ వాళ్లవే. అవి కుట్టేందుకు వాళ్ల వీధిలో సగం మంది ఆడవాళ్లు ఆ షెడ్డులో చేరారు.

ఆ మొదటి ఆర్డరు ఇవ్వడానికి బావతో నేనూ వెళ్లాను. పెద్దావిడ కాగితం చదువుకుని, కళ్లు తుడుచుకుని, ఇంత మేలు చేసే మనిషి అంతలా ఎందుకు చింపారని అడిగింది.

బావ తల గోక్కున్నాడు. "నేను చింపితే మళ్లీ కుట్టుకోవచ్చమ్మా. అక్కడ కమిటీ వాళ్లు చింపితే మళ్లీ పిలవరు."

"ఈ ముక్క ముందే చెప్తే అన్ని తిట్లు తిట్టేవాళ్లం కాదు కద సార్" అంది చిన్నావిడ.

"తెలుసమ్మా. కానీ కోపంలో ఉన్నప్పుడే మీ కుట్టు గట్టిగా పడుతోంది. అందుకే చెప్పలేదు."

చిన్నావిడ ఏదో అనబోయి, నవ్వాపుకోలేక మిషను మీద తల వాల్చేసింది.