డిసెంబరు దాకా ఆగాల్సిన పన్ను

ట్రుగనీనా అనే ఆ విదేశపు కొత్త పేటలో ఇళ్ళన్నీ ఒకే ఈడువి. చెట్లింకా భుజాల ఎత్తు దాటలేదు. అందుకే మధ్యాహ్నపు వెలుతురు ఏ నీడా అడ్డం రాకుండా వంటింటి గట్టు దాకా వచ్చి కూర్చుంటుంది. ఆ వెలుతురులో చైత్ర స్టీలు చెంచాను అద్దంలా పట్టుకుని శ్యామసుందరి నోట్లోకి చూసింది.

చైత్ర రాజమండ్రిలో పళ్ళ డాక్టరు. నాలుగేళ్ళు ప్రాక్టీసు చేసింది. ఇక్కడి పరీక్షలు గట్టెక్కేదాకా ఆ చదువు చెల్లదు. ఒకసారి రాసింది, ప్రాక్టికల్‌లో పోయింది. ప్రస్తుతం పక్కనే ఉన్న వెర్రిబీలో ఒక క్లినిక్‌లో డాక్టరు పక్కన నిలబడి, నోట్లో ఊరే నీటిని పీల్చే గొట్టం పట్టుకుంటుంది. ఉండేది శ్యామసుందరి ఇంట్లో, పై గదిలో అద్దెకు. పరీక్ష పోయిన రోజు ఏమీ అడక్కుండా తలకు నూనె రాసింది ఆవిడే.

"కింది దవడ పన్ను పుచ్చింది ఆంటీ. ఇంకా పైపైనే ఉంది. ఇప్పుడు సిమెంట్ పెట్టించుకుంటే ఒక్క పూటలో అయిపోతుంది."

"ఇక్కడెందుకే? డిసెంబర్‌లో ఇండియా వెళ్తున్నాంగా. కాకినాడలో మా పిన్ని కొడుకు వంశీధర్ ఉన్నాడు. మా ఇంటిల్లిపాది నోళ్ళూ వాడికి కంఠతా వచ్చు."

"డిసెంబర్ అంటే ఇంకా ఎనిమిది నెలలు."

"ఈలోపు పన్నుకేమన్నా వీసా అయిపోతుందా డాక్టరమ్మా?" అన్నాడు ఆవిడ భర్త వాసుదేవరావు, లాప్‌టాప్ మీంచి తలెత్తకుండా.

ఫ్రిజ్ మీద ఒక చీటీ ఉంది. ఇండియాలో చేయించుకోవాల్సిన పనులు: కళ్ళజోడు, జాకెట్లు, ఆయన మోకాలు. శ్యామసుందరి దాని కింద "పన్ను" అని రాసి, నవ్వుతూ చెంచా కడిగేసింది.

ఇక్కడ చలికాలమైన జూలైలో కుళాయి నీళ్ళు సూదుల్లా మారాయి. పుక్కిలించిన ప్రతిసారీ ఆవిడ చెంప పట్టుకుని సింకు మీదికి వంగిపోయేది. నీళ్ళు ఉమ్మేశాక కూడా నొప్పి చాలాసేపు వదిలేది కాదు. ఆ చాలాసేపంటే ఏమిటో చైత్రకు తెలుసు.

"పుచ్చు నరం దాకా పోయింది ఆంటీ. ఇప్పుడు సిమెంట్ సరిపోదు, రూట్ కెనాల్ చెయ్యాలి. మా క్లినిక్‌లో బుక్ చేస్తాను, ఎక్స్‌రే తీస్తారు."

"పరీక్ష బెంగతో నీకు అందరి పళ్ళూ పుచ్చినట్టే కనిపిస్తున్నాయే తల్లీ."

ప్రేమగానే అంది. చైత్ర మాత్రం తన చేతుల వైపు చూసుకుంది. పరీక్ష పోయిన చేతులు. ఆ చేతులు చెప్పే మాటకు బరువెంత? ఆ వారమంతా మళ్ళీ చెప్పాలనుకుంటూనే మెట్లు దిగింది, చెప్పకుండానే ఎక్కింది.

ఆగస్టులో ఒక ఉదయం శ్యామసుందరి కూనిరాగం తీస్తూ కనిపించింది. "చూశావా, లవంగంతోనే పోయింది! వారమైంది, జివ్వుమనే మాటే లేదు."

"నొప్పి పోలేదు ఆంటీ. నొప్పి తెలిసే నరం చచ్చిపోయింది. లోపల చీము పడుతుంది. ఇప్పటికైనా రూట్ కెనాల్ చేసి పైన క్యాప్ వేస్తే పన్ను నిలబడుతుంది. ప్లీజ్, రండి."

"నొప్పి లేని పన్నుకి డాక్టరేంటే, విడ్డూరం కాకపోతే!"

నొప్పి ఖాళీ చేసి వెళ్ళిన పన్ను, దీపాలు ఆర్పేసిన ఇల్లులా బయటికి మామూలుగానే ఉంటుంది. చైత్ర రోజూ భోజనాల దగ్గర ఆ ఇంటి ఎదురుగా కూర్చునేది. ఆవిడ అప్పడం విరిచినా, వేరుశనగ గింజ నమిలినా, తను చెయ్యి ఆపి ఆ దవడే చూసేది.

అక్టోబరులో, దసరా భోజనాలకని అందరూ హాల్లో చేరినప్పుడు, శ్యామసుందరి బియ్యప్పిండి చెక్క కొరికింది. పన్ను పగిలిన చప్పుడు పక్కనున్న చైత్రకు కూడా వినిపించింది. మర్నాడు పొద్దుటికి చెంప బూరెలా పొంగింది. ఇక ఎవరూ డిసెంబరు మాట ఎత్తలేదు.

క్లినిక్‌లో డాక్టర్ హెలెన్ ఎక్స్‌రే చూసి నిదానంగా, దయగా ఇంగ్లీషులో చెప్పింది. శ్యామసుందరికి ఇంగ్లీషు బాగానే వచ్చు. అయినా చైత్ర వైపు తిరిగింది.

"ఏమంటోందే?"

"పన్ను నిలువునా చీలింది ఆంటీ. చీలిక వేరు దాకా పోయింది. తీసెయ్యాలంటోంది."

"రూట్ కెనాల్ అన్నావుగా. చేయించుకుంటానే. ఇప్పుడే చేయించుకుంటా."

"ఇప్పుడు కుదరదు."

"పోనీ, మా వంశీని ఫోన్లో అడిగితే..."

"ఎవరు చేసినా కుదరదు ఆంటీ."

ఆవిడ కాసేపు పైకప్పు లైటు వైపు చూసింది. తర్వాత చిన్నపిల్లలా నోరు తెరిచింది.

మత్తు సూది పని చేశాక చైత్ర పట్టకారు తీసి, పిడి హెలెన్ వైపు తిప్పి అందించింది. పన్నును ఎటు ఒరిగిస్తే వేరు వదులుతుందో చైత్ర మణికట్టుకు తెలుసు. తెలిసిన మణికట్టుతో గొట్టం పట్టుకుంది. రెండో చేత్తో ఆవిడ చెంపను పక్కకు లాగి ఉంచింది.

ఆవిడ కంటి కొసన నీటి చుక్క ఒకటి ఊరి, కణత మీదుగా చెవిలోకి జారింది. వెనకే ఇంకొకటి. తుడవడానికి చైత్రకు ఖాళీ చెయ్యి లేదు.