కోడలికి ఇంజను నేర్పిన మా వియ్యంకుడు

మా అమ్మాయి వచ్చేసిందండీ! మద్రాసు నుంచి మోటారు పడవలో బయలుదేరి, సగం దారిలో పడవ నడిపే సరంగు చెయ్యి విరిగితే తానే ఇంజను తిప్పి, పడవలో ఉన్న అందరినీ, తన భర్తనూ, ఆయన ఒళ్లో ఉన్న జబ్బు పిల్లినీ క్షేమంగా తడ ఒడ్డుకు చేర్చింది. నా కూతురు! తిరుపతిలో ఇత్తడి పాత్రలు అమ్ముకునేవాడి కూతురు!

చదివేవాళ్లు నన్ను తిట్టుకోవద్దు. ఇది చావు కబురు రాయవలసిన కాగితమే. మా అమ్మాయి మామగారు, నా వియ్యంకుడు, ఏర్పేడులో బియ్యపు మిల్లు నడిపిన పెద్దమనిషి, పోయిన గురువారం మధ్యాహ్నం కన్నుమూశారు. సంతోషం ముందు రాసి చావు వెనక రాశావేమయ్యా అంటే, ఆ సంతోషం ఆయన చేతి పని కాబట్టి అంటాను. నా చదువు అయిదో తరగతితో సరి. వరస తప్పితే మన్నించండి.

పెళ్లిచూపుల నాడే ఆయన తీరు నాకు అర్థమై ఉండవలసింది. అందరూ పిల్లను పాట పాడమంటారు. మా ఆవిడ నెల రోజులు కష్టపడి ఒక హారతి పాట నేర్పించి పెట్టింది. ఆయన పాట అడగలేదు. పెరటివైపు చెవి తిప్పి, "అమ్మణ్ణీ, మీ బావి గిలక కీసుమంటాంది. ఎందుకో సూసినావా?" అన్నారు.

నా కూతురు తల ఎత్తకుండానే, "ఇరుసు ఒక పక్కే అరిగింది. తిప్పి బిగించమని నాయనకి మూడు తూర్లు సెప్పినా, ఇనలా," అన్నది.

పెళ్లివారి ముందు తండ్రి మీద చాడీ! ఆయన కొడుకు వైపు తిరిగి, "ఒరే, నీ సంగతి నాకు తెలీదు. నాకు మాత్రం పిల్ల నచ్చింది," అన్నారు. అల్లుడు నవ్వాడు. సంబంధం కుదిరిపోయింది.

మనిషిని మిల్లులో చూడాలి. మూరెడు వేపకర్ర ఒక కొన ఇంజనుకు ఆనించి, రెండో కొన చెవిలో పెట్టుకుని, డాక్టరు గుండె విన్నట్టు వినేవారు. "మనిషి అబద్ధం సెప్తాడు బావా, ఇంజను సెప్పదు," అనేవారు. అన్నానికి కూర్చునే ముందు పాతగుడ్డతో ఒక్కొక్క వేలూ విడివిడిగా తుడుచుకునేవారు. బండెడు మూటలతో వచ్చిన రైతు ఎదురుగా నిలబడి ఉన్నా, గంపెడు వడ్లు నెత్తిన పెట్టుకొచ్చిన ముసలమ్మవే ముందు ఆడించి పంపేవారు. రైతు సణిగితే, "ఆమె పొయ్యి మీద ఎసురు కాగతా ఉంటాదప్పా. నీ గాదెలో ఇంకా బియ్యం ఉండాయి గదా," అనేవారు. ఎవరికీ ఎదురు చెప్పడానికి మాట మిగిలేది కాదు.

నాకు మిగిలింది. అది కూడా రాయాలి.

పెళ్లయిన ఏడాదికి మామిడిపళ్ల బుట్ట తీసుకుని చెప్పకుండా ఏర్పేడుకు వెళ్లాను. మిల్లులోకి తొంగిచూస్తే, నా కూతురు కొంగు నడుముకు బిగించి, మోచేతుల దాకా నూనె మరకలతో ఇంజను ముందు వంగి ఉంది. కూలీలు పక్కన నిలబడి చూస్తున్నారు. ఆయన ఇంజను తిప్పే హ్యాండిలు మీద ఆమె చెయ్యి సరిచేస్తూ చెబుతున్నారు: "బొటనవేలు హ్యాండిలు సుట్టూ తిప్పొద్దు. మిగతా నాలుగు వేళ్ల పక్కనే పెట్టు. ఇంజను ఎదురు తన్నిందంటే, సుట్టూ పెట్టిన బొటనవేలు సెయ్యిని ఇడవనీదు, ఇరస్తాది. పక్కన పెడితే సెయ్యి జారి బయటపడతాది."

నాకు ఒళ్లు మండిపోయింది. "నా బిడ్డను కోడలుగా పంపినానా, కూలికి పంపినానా? నలుగురు మొగోళ్ల ముందర నూనె పూసి నిలబెడతావా?" అని అరిచాను.

"ముందు మజ్జిగ తాగు బావా," అన్నారు ఆయన. "నాకు ఉండేది ఒక్క కొడుకు. వాడి సెయ్యి కలానికి పుట్టింది. ఇంజను ఆడా మొగా అని అడగదు. సెయ్యి నిదానమా, బెదురా, అదే అడగతాది. నీ కూతురిది నిదానమైన సెయ్యి."

"నీ మజ్జిగ నువ్వే తాగు," అని బుట్ట అక్కడే దించి స్టేషనుకు నడిచాను. ఆరేళ్లు మళ్లీ ఆ మిల్లు గడప తొక్కలేదు. పొరపాటు ఆయనదే అనుకున్నాను.

ఆ తర్వాత అల్లుడికి మద్రాసులో గుమాస్తా పని దొరికింది. కాపురం మార్చేటప్పుడు మిల్లు పిల్లి ఈనిన పిల్లల్లో ఒకదాన్ని ఆయన బుట్టలో పెట్టి కోడలి చేతికి ఇచ్చారు. దాని రంగు అచ్చం తవుడు రంగు. అందుకని దాని పేరు తౌడు. "ఇంజను లేని ఇంటికి పోతా ఉండావు అమ్మణ్ణీ. దీని గురగురైనా ఇనుకుంటా ఉండు," అన్నారట.

ఈ ఉగాది వెళ్లాక ఆయనకు జబ్బు చేసింది. ఏళ్ల తరబడి పీల్చిన తవుడు దుమ్ము రొమ్ముకు పట్టింది. కబురు వచ్చినా నేను కదలలేదు. మా ఆవిడ అంగట్లోకే వచ్చి నిలబడింది. "పోతారా లేదా? లేకుంటే నేనే పోయి ఆయనకు గంజి కాసి పెడతా. అప్పుడు తిరపతంతా మిమ్మల్ని సూసి నవ్వతాది."

వెళ్లాను. మిల్లు వసారాలో నులక మంచం మీద ఉన్నారు. సగమైపోయారు. నన్ను చూసి, "వస్తివా బావా. మజ్జిగ ఆడ ఉండాది, తాగు," అన్నారు. ఈసారి తాగాను. ఏదో చెప్పాలని నోరు తెరిచాను. ఇంకో గ్లాసు మజ్జిగ అడిగాను.

డాక్టరు నన్ను వాకిట్లోకి పిలిచి, వారం దాటడం కష్టమని చెప్పాడు. అప్పటికే ఆయన మద్రాసుకు కార్డు రాయించి ఉన్నారు. మిల్లు పిల్లి చచ్చిపోయిందనీ, తనకూ ఒంట్లో బాగాలేదనీ, మీరిద్దరూ తౌడును తీసుకుని రావాలనీ, ఒకసారి చూసుకోవాలని ఉందనీ. అల్లుడి జవాబు నేను ఉండగానే వచ్చింది. తౌడు నాలుగు రోజులుగా తిండి ముట్టడం లేదు. యుద్ధం వచ్చి మద్రాసు మీద బాంబులు పడతాయని జనమంతా ఊరు విడుస్తున్నారు, రైలు తలుపులకు మనుషులు వేలాడుతున్నారు, పిల్లి బుట్టను చూస్తేనే దించేస్తున్నారు. పక్కింటివాళ్లు పిల్లిని గోనెసంచిలో కట్టి ఎక్కడైనా వదిలి రమ్మన్నారు. "మామ అడిగింది నన్నొక్కదాన్నే కాదు," అన్నదట మా అమ్మాయి. సరుగుడు కట్టెలు దించిన మోటారు పడవ ఒకటి తడకు తిరిగి పోతూ ఉంటే దాంట్లో బయలుదేరుతున్నారు. ఇదీ కార్డు.

చదివి వినిపించాను. ఆయన కళ్లు మూసుకుని, "నాకు కాళ్లు ల్యా బావా. నీకు ఉండాయి. తడకు పో. పిల్లోళ్లను దారిలో ఆలిసం సెయ్యనీకు," అన్నారు. ఎందుకంత తొందరో మా ఇద్దరికీ తెలుసు.

తడ ఒడ్డున పొద్దున్నుంచి నిలబడ్డాను. మధ్యాహ్నం దాటాక నీళ్ల మీద దబ్ దబ్ మని చప్పుడు. పడవ కనిపించింది. సరంగు ఒంటి చేత్తో చుక్కాని పట్టుకుని ఉన్నాడు. ఇంజను దగ్గర కొంగు నడుముకు బిగించిన మనిషి. ఆరేళ్ల కిందట చూసి అరిచానే, అదే నిలుపు! పంచె తడుస్తోందని కూడా చూడకుండా నీళ్లలోకి దిగిపోయాను. చేపలు ఎండబెడుతున్న ఆమె వెనక నుంచి నవ్వింది: "ఏం పెద్దాయనా, పడవే వస్తాంది గదా, నువ్వు పోయి మోసుకొచ్చేది ఏముండాది?"

కాళహస్తి వైపు బొగ్గుతో నడిచే బస్సులో వస్తూ ఇద్దరూ చెప్పారు.

మొదటి రోజు కాలువలో సుఖంగానే గడిచింది. ఒక పక్క సరుగుడు తోపులు, ఇంకో పక్క ఇసుక తిప్ప, దాని అవతల సముద్రం హోరు. అల్లుడు పిల్లి బుట్ట ఒళ్లో పెట్టుకుని, తడిగుడ్డ కప్పి, దూది వత్తితో గంజినీళ్లు చుక్కచుక్కగా దాని నోట్లో వేస్తూ కూర్చున్నాడు. ఎదురుగా ఉన్న ఒక ముసలమ్మ ఊరుకోలేదు. "పిల్లిని సంకన బెట్టుకోని ప్రయాణం కట్టినారే! ఏం కాలమొచ్చిందమ్మా!"

రెండో రోజు పులికాటు సరస్సు నడిమధ్యలో ఇంజను ఆగిపోయింది. సరంగు హ్యాండిలు తిప్పాడు. ఇంజను ఎదురు తన్నింది. అతని మణికట్టు విరిగింది.

"నేను సెప్పలా?" అని లేచింది ముసలమ్మ. "ముందు ఆ పిల్లిని నీళ్లలో ఎయ్యండి."

తలెత్తి గట్టిగా మాట్లాడని మా అల్లుడు బుట్టతో సహా నిలబడ్డాడు. "దీన్ని ఏస్తే నేనూ దూకతా."

సరంగు అంత నొప్పిలోనూ, "దూకు సామీ. నీళ్లు మోకాటి లోతే. బురద మాత్రం నడుం దాకా ఉండాది," అన్నాడు. పడవంతా నవ్వింది. తర్వాత ఎవరికీ నవ్వు రాలేదు. గడలతో తోసుకుంటూ పోతే ఒడ్డు చేరేది మరుసటి రోజు సాయంత్రానికే.

"అంతవరకూ మామ ఉంటాడో లేదో," అని మా అమ్మాయి లేచి ఇంజను దగ్గరికి వెళ్లింది.

"వద్దమ్మా, నా సెయ్యి సూడు," అన్నాడు సరంగు.

"నీ సెయ్యి సూసే సెప్తా ఉండా అన్నా. బొటనవేలు సుట్టూ పెట్టినావు."

కిరసనాయిలు గొట్టం ఊడదీసి, అందులో చేరిన నీళ్లు పారబోసి, మళ్లీ బిగించింది. హ్యాండిలు పట్టింది. ఒకసారి తిప్పింది, రెండుసార్లు తిప్పింది. మూడోసారి ఇంజను తన్నింది. హ్యాండిలు ఆమె చేతిలోంచి జారి గిర్రున తిరిగింది. చెయ్యి చెక్కు చెదరలేదు. నాలుగోసారి అందుకుంది. ఒడ్డు వచ్చేదాకా ఆమె ఇంజను దగ్గరినుంచి లేవలేదు. ముసలమ్మ జరిగి అల్లుడి పక్కన కూర్చుని, బుట్ట మీద ఎండ పడకుండా తన కొంగు పట్టిందట.

తడలో పడవ దిగేటప్పుడు సరంగు నన్ను అడిగాడు. "పెద్దాయనా, ఈయమ్మకు ఇంజను పని నేర్పింది మీరేనా?"

"నేను కాదప్పా. నేను తిట్టినోణ్ణి. నేర్పినాయన ఏర్పేడులో ఉండాడు."

అన్నాకే తట్టింది. ఉన్నారో లేదో!

ఉన్నారు. కాళహస్తి నుంచి జట్కాలో వచ్చి మిల్లు ముందు దిగీ దిగకముందే, పిల్లల కంటే ముందు పరుగెత్తి, మంచం పక్కన నిలబడి అంతా నేనే చెప్పేశాను. కథ మా అమ్మాయిది. చెప్పనిస్తేగా! ఆయన కళ్లు మూసుకుని, కర్ర లేకుండానే, ఇంజను విన్నట్టు విన్నారు. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు ఒకటే అడిగారు.

"బొటనవేలు?"

"పక్కనే పెట్టినా మామా," అని మా అమ్మాయి చెయ్యి చాపింది. ఆయన తలగడ కింద నుంచి పాతగుడ్డ తీసి, ఆ చేతి వేళ్లు ఒక్కొక్కటీ తుడిచారు.

తౌడును మంచం మీద ఆయన డొక్క పక్కన పడుకోబెట్టారు. "ఇద్దరమూ ఒకే తీరుగా గురగురమంటా ఉండాము," అని నవ్వారు, దగ్గారు. మరుసటి రోజు పొద్దున తౌడు ఆయన గిన్నెలో మిగిలిన మజ్జిగ నాకింది. మేమంతా పెళ్లి చూసినట్టు చుట్టూ నిలబడి చూశాము. ఇప్పుడది అన్నం తింటోంది.

మూడో రోజు మంచం దగ్గర ఎవరూ లేనప్పుడు నా నోరు పెగిలింది. "బావా, ఆ పొద్దు నేను అరిసింది తప్పు. మన్నించు."

"అరిసింది తప్పు కాదులే. బిడ్డ తండ్రివి. శబ్దం కొంచెం ఎక్కువైంది, అంతే," అన్నారు. తౌడును నిమిరి, "నాకు సెప్తే సాలదు బావా. నా మీద యాడ యాడ సెప్పుకుంటివో, ఆడంతా పోయి సెప్పు. నా కోసం కాదు. ఆ పిల్ల రేపు మిల్లు నడపాల. సుట్టాలే నవ్వితే ఊరు నవ్వదా?" అన్నారు.

చేతిలో చెయ్యి వేసి మాట ఇచ్చాను.

గురువారం వడ్లతో బండ్లు వచ్చాయి. తిప్పి పంపవద్దన్నారు. మా అమ్మాయి లోపల ఇంజను వేసింది. నేను మంచం దగ్గర ఉన్నాను. ఇంజను చప్పుడు కొంచెం బరువెక్కింది. ఆయన చూపుడువేలు లేచింది. లోపల ఆమె ఏం సవరించిందో, చప్పుడు మళ్లీ తేలికైంది. వేలు దిగింది. మళ్లీ లేవలేదు.

దినం అయ్యాక మిల్లు మళ్లీ తెరుస్తారు. ఇంజను దగ్గర మా అమ్మాయి ఉంటుంది. అల్లుడు లెక్కలు రాస్తాడు. ఇదంతా చెప్పవలసినవాళ్లు వీళ్లు, ఎందుకంటే ఆరేళ్ల కిందట వీళ్ల ఇళ్లకు పోయి ఆయన మీద చెప్పుకున్నది నేనే:

చిత్తూరులో మా పెద్ద బావమరిది. ఆయన అప్పుడు నన్ను ఇంకా ఎగదోశాడు కాబట్టి మొదట ఆయనే.

పుత్తూరులో మా తోడల్లుడు, ఆయన భార్య.

కాళహస్తిలో మా చిన్నాన్న కొడుకులు ఇద్దరూ. ఒకరికి చెబితే చాలదు, వాళ్లకు మాటల్లేవు.

పలమనేరులో మా మేనత్త. పడవ సంగతి ఆమెకు రెండుసార్లు చెప్పాలి, మొదటిసారి నమ్మదు.

కాణిపాకంలో మా అక్క. ఆమెకు చెవుడు. ఆ రోజు ఆమె అరుగు మీద కూర్చుని, చెవి దగ్గర నోరు పెట్టి, ఆయన్ను తిడుతూ వీధి వీధంతా వినేలా అరిచాను. ఆ అరుగు మీదే కూర్చుంటాను. అంతకంటే గట్టిగా అరుస్తాను.