జవాబు రాకపోతే ఎవరూ లేనట్టే

రంగుల మిల్లులో ముప్పయ్యేళ్ళుగా బాయిలరు చూసుకునే మనిషిని అందరూ మేస్త్రీ అనేవాళ్ళు. పాముచెవులవాడని పేరు. ఇనపచువ్వ ఒక కొస బాయిలరుకీ, రెండో కొస చెవికీ ఆనించి, లోపల ఏ వాల్వు అరిగిందో చెప్పేసేవాడు. ఒక్కసారీ తప్పు చెప్పింది లేదు. అందుకే, ఈమధ్య చువ్వని చెవికి ఆనించడం మానేసి పళ్ళతో కరిచి పట్టుకుంటున్నాడేమిటని మిల్లులో ఎవరూ అడగలేదు.

అనుమానం వచ్చింది కూతురికే. చెవిలో పెట్టుకునే మిషను కొనుక్కొచ్చి, "పెట్టుకో నాన్నా, ఎవరికీ కనపడదులే" అని బతిమాలింది.

"నాకేం రోగం? నువ్వే నసుగుతున్నావు. నోరు తెరిచి మాట్లాడు" అని కసిరి, ఆ డబ్బా అటకమీదికి విసిరేశాడు. మొండివాడు రాజుకన్నా బలవంతుడు, ఇక ఆ పిల్లేం చేస్తుంది?

మిల్లులోనూ అదే వరస. కొత్త మేనేజరు తాళాలు తెప్పించాడు. ఆవిరి గొట్టం మీద పనికి వెళ్ళేవాడు వాల్వుకి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని మరీ వెళ్ళాలన్నాడు. పాత పద్ధతి వేరు. ఆవిరి వదిలేముందు మేస్త్రీ "వదలనా?" అని కేకేస్తాడు. గొట్టం దగ్గర మనిషుంటే "ఆగు" అంటాడు. జవాబు రాకపోతే ఎవరూ లేనట్టే.

"చెవులున్నవాడికి తాళాలెందుకయ్యా?" అన్నాడు మేస్త్రీ. మిల్లంతా నవ్వింది. మేనేజరు నాలుగు రోజులు గొణిగి, మనకెందుకొచ్చిన గొడవ అని ఊరుకున్నాడు. ఛీ, ఆ నవ్వినవాళ్ళలో ఒక్కడికైనా బుద్ధి ఉండి ఉంటే!

ఆ మధ్యాహ్నం గొట్టం అతుకు బిగించడానికి వెళ్ళింది ఆ మిల్లులోనే పనిచేసే మేస్త్రీ అల్లుడే. మేకుకున్న తాళం చేతిలోకి తీసుకున్నాడు కూడా. మామ చూస్తున్నాడని, పెద్దాయన నొచ్చుకుంటాడని మళ్ళీ తగిలించేశాడు. కాసేపటికి రంగుతొట్ల దగ్గరివాళ్ళు ఆవిరి కావాలని చేతులూపారు. అల్లుడు పని ముగించుకుని వెళ్ళిపోయాడనుకున్నాడు మేస్త్రీ. "వదలనా?" అన్నాడు. పద్ధతి ప్రకారం రెండోసారీ అడిగాడు. జవాబు వినపడలేదు. వాల్వు తిప్పాడు.

ఒళ్ళంతా ఉడికిపోయి, అల్లుడు మూడు రోజులు బతికాడు పాపం. పోయేముందు భార్యతో అన్నది ఒక్కటే: "నాలుగుసార్లు ఆగమన్నానే. మామయ్య ఆగలేదు."

ఆస్పత్రి వరండాలో కూతురు తండ్రి ఎదుట కూలబడింది. పక్కన మేనేజరూ, విచారణకి వచ్చిన ఆఫీసరూ నిలబడి ఉన్నారు. ఆమెకి వాళ్ళెవరూ పట్టలేదు. రెండు చేతులతో తండ్రి ముఖాన్ని తనవైపు తిప్పుకుని, పెదాలు కనపడేలా ఒక్కో మాటా విడదీసి అడిగింది.

"ఆయన అరిచారట. నీకు వినపడలేదు కదూ నాన్నా? వినపడలేదని ఒక్క మాట చెప్పు. నాకది చాలు, ఎలాగో బతికేస్తాను."

అతనికి ప్రతి మాటా తెలిసింది. వినపడలేదన్నది నిజం. దూరాన్నించి ఏ కేకా వినపడక మూడేళ్ళయింది. ఆ మాట చెప్పాలనే నోరు తెరిచాడు. ఆఫీసరు కాగితం మీద కలం ఆనించాడు. మేనేజరు తలెత్తి చూశాడు.

"నాకు వినపడకపోవడమేమిటి?" అన్నాడు మేస్త్రీ. "వినపడింది."

కూతురు చేతులు తీసేసింది. "మరి ఎందుకు వదిలావు?" అంది. తల దించుకుని అడిగింది, అందుకని ఆ ప్రశ్న అతనికి అందలేదు.